సీటు వచ్చాక నాలుగేళ్లూ నిలబడడం ఎలా? మ్యూజికల్ థియేటర్ డిగ్రీలో కొనసాగింపు నియమాలు

వరంగల్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లే విద్యార్థుల్లో అధికులు ఎమ్మెస్ చదవడానికే వెళ్తారు. వారి మధ్య అప్పుడప్పుడు ఒకరిద్దరు పాట, నటన, నృత్యం మూడూ కలిపి నేర్పే మ్యూజికల్ థియేటర్ డిగ్రీకి సీటు తెచ్చుకుంటారు. అలా సీటు వచ్చిన వారూ, వారి తల్లిదండ్రులూ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఫీజు కట్టి చేరాక మధ్యలో తీసేస్తారా?"

తీసేసే అవకాశం ఉంది. మన దగ్గర ఇంజనీరింగులో సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ రాసుకుంటాం, క్రెడిట్లు చాలకపోతే డిటెయిన్ అవుతాం. అంతే తప్ప "ఈ చదువు నీకు సరిపడదు" అని ఏ అధ్యాపకుడూ అధికారికంగా చెప్పడు. మ్యూజికల్ థియేటర్ బీఎఫ్ఏలో (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో) ఆ మాట చెప్పే అధికారాన్ని చాలా విశ్వవిద్యాలయాలు అధ్యాపకుల బృందానికి రాతపూర్వకంగానే ఇచ్చాయి. అయితే ఆ నిర్ణయం ఒక్కరోజులో తీసుకునేది కాదు. సెమిస్టరు తర్వాత సెమిస్టరు గ్రేడ్లలో, హాజరులో, జ్యూరీ (సెమిస్టరు చివరి ప్రదర్శన పరీక్ష) వ్యాఖ్యల్లో అది కాగితం మీద పేరుకుంటూ వస్తుంది. ఆ కాగితాలను అధ్యాపకులతో పాటు మీరూ చదువుతూ ఉంటే ప్రమాదాన్ని ఏడాది ముందే గుర్తించవచ్చు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- మీరు చేరే సంవత్సరపు విశ్వవిద్యాలయ కేటలాగ్. మీ డిగ్రీ నిబంధనలకు సాధారణంగా చేరిన సంవత్సరపు కేటలాగే ప్రమాణం కనుక, దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి.
- థియేటర్ విభాగం విడిగా ఇచ్చే విద్యార్థి హ్యాండ్‌బుక్. అసలు సంగతులన్నీ ఇందులోనే ఉంటాయి.
- అడ్మిషన్ లేఖ, స్కాలర్‌షిప్ లేఖ, ఐ-20 (వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం), బ్యాంకు రుణ మంజూరు పత్రం.
- అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో మీ వ్యవహారం చూసే అధికారి, అంటే డీఎస్ఓ, ఈమెయిల్ చిరునామా.
- జ్యూరీ వ్యాఖ్యలు, గ్రేడ్లు, ఈమెయిళ్లు తేదీల వారీగా దాచుకోవడానికి ఒక ఫోల్డర్.

1. డిపాజిట్ కట్టక ముందే అడగండి

చాలా అమెరికన్ కళాశాలలు సమాధానం చెప్పడానికి మే 1 వరకు గడువు ఇస్తాయి. ఆలోగా విభాగానికి ఈమెయిల్ రాసి ఈ విషయాలు తెలుసుకోండి. రెండో సంవత్సరం చివర సమీక్ష ఉందా? ఉంటే దాని ఫలితాలు ఎన్ని రకాలు? గత కొన్నేళ్లలో బీఎఫ్ఏలో చేరిన వారిలో ఎంతమంది అదే డిగ్రీతో బయటికి వచ్చారు? ప్రస్తుతం ఒక్కో సంవత్సరపు తరగతిలో ఎంతమంది ఉన్నారు? బీఎఫ్ఏ నుంచి తప్పించిన విద్యార్థికి బీఏలో చోటు ఖాయమా, లేక మళ్లీ దరఖాస్తు చేసుకోవాలా?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అమెరికా ప్రభుత్వం నడిపే కాలేజ్ నావిగేటర్ అనే వెబ్‌సైటులో ప్రతి విశ్వవిద్యాలయపు రిటెన్షన్ రేటు కనిపిస్తుంది. అది చూసి "తొంభై శాతం మంది కొనసాగుతున్నారు" అని నిశ్చింతగా ఉండకండి. ఆ అంకె మొత్తం విశ్వవిద్యాలయానిది. మొదటిసారి పూర్తికాల విద్యార్థులుగా చేరిన వారిలో మరుసటి ఏడాది తిరిగి వచ్చిన వారి శాతాన్నే అది చెబుతుంది. బీఎఫ్ఏ నుంచి తొలగించిన విద్యార్థి అదే విశ్వవిద్యాలయంలో వేరే మేజర్‌లో (ప్రధాన విషయంలో) ఉన్నా "కొనసాగుతున్న" వారి లెక్కలోకే వస్తాడు. మీకు కావలసినది మీ విభాగపు అంకె, అది అడిగితేనే దొరుకుతుంది. దాన్ని సూటిగా చెప్పే విభాగాన్ని నేను నమ్ముతాను. రెండుసార్లు అడిగినా దాటవేస్తే ఆ సీటు గురించి మరొకసారి ఆలోచించండి.

2. హ్యాండ్‌బుక్‌ను పెన్సిలు పట్టుకుని చదవండి

నాలుగు రకాల షరతులను వేరువేరుగా గుర్తు పెట్టుకోండి. మొదటిది అంకెలతో కొలిచేది, అంటే కనీస జీపీఏ, కనీస గ్రేడు. రెండోది హాజరు. మూడోది అధ్యాపకుల అంచనాకు వదిలినది, అంటే "తగిన పురోగతి", "వృత్తిపరమైన ప్రవర్తన" వంటి మాటలు. నాలుగోది ఆడిషన్లు, ప్రదర్శనలు, తెర వెనుక పని వంటి బాధ్యతలు. తొలగింపుల్లో ఎక్కువ వివాదం పుట్టేది మూడో రకంలోనే కాబట్టి, ఆ మాటలు కనిపించిన ప్రతిచోటా దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ పత్రం ఆధారంగా నిర్ణయిస్తారో పక్కన రాసుకోండి. సమాధానం హ్యాండ్‌బుక్‌లో లేకపోతే మొదటి వారంలోనే సలహాదారుడిని అడగండి.

బీఎఫ్ఏకూ బీఏకూ ఉన్న తేడా కూడా ఇక్కడే అర్థమవుతుంది. బీఎఫ్ఏలో దాదాపు మూడింట రెండు వంతుల చదువు వృత్తి శిక్షణే. బీఏలో అది సగం కంటే తక్కువ, మిగిలినవి సాధారణ విషయాలు. మధ్యలో తీసివేసే నియమాలు ప్రధానంగా బీఎఫ్ఏలోనే ఉంటాయి.

3. జీపీఏను రెండు విధాలుగా లెక్కించండి

విశ్వవిద్యాలయం మొత్తానికి సాధారణంగా 4.0 కొలమానంలో 2.0 ఉంటే చాలు. థియేటర్ విభాగాలు మాత్రం మేజర్ విషయాల్లో అంతకంటే ఎక్కువ, ఉదాహరణకు 2.5 లేదా 3.0, అడగవచ్చు. రెండు లెక్కలూ వేరు. ఒక సెమిస్టరును తీసుకుని చూడండి:

- గాత్రం 2 క్రెడిట్లు, ఏ గ్రేడు: 8 పాయింట్లు
- నటన 3 క్రెడిట్లు, బీ గ్రేడు: 9 పాయింట్లు
- బ్యాలే 1 క్రెడిట్, సీ గ్రేడు: 2 పాయింట్లు
- సంగీత సిద్ధాంతం 3 క్రెడిట్లు, డీ గ్రేడు: 3 పాయింట్లు
- ఇంగ్లిష్ రచన 3 క్రెడిట్లు, బీ గ్రేడు: 9 పాయింట్లు
- ఒక సాధారణ విషయం 3 క్రెడిట్లు, సీ గ్రేడు: 6 పాయింట్లు

మొత్తం 37 పాయింట్లను 15 క్రెడిట్లతో భాగిస్తే 2.47 వస్తుంది. పోర్టల్‌లో ఇది "గుడ్ స్టాండింగ్" అనే కనిపిస్తుంది. అయితే మేజర్‌కు చెందిన మొదటి నాలుగింటినే తీసుకుంటే 22 పాయింట్లు, 9 క్రెడిట్లు, అంటే 2.44. విభాగం 2.5 అడిగితే ఈ విద్యార్థి ఆ షరతు తప్పినట్లే. పైగా మేజర్ విషయాల్లో సీ కంటే తక్కువ వస్తే మళ్లీ చదవాలనే నియమం చాలాచోట్ల ఉంది కనుక, ఆ డీ గ్రేడు వల్ల సిద్ధాంతంలో తర్వాతి కోర్సు కూడా ఆగిపోతుంది. పాట బాగా పాడుతున్నాం కదా అని సిద్ధాంతాన్ని పక్కన పెట్టేవారు దెబ్బతినేది ఇక్కడే.

సరిచూసుకునే పద్ధతి: ప్రతి సెమిస్టరు ఫలితాలు వచ్చిన వారంలోనే పోర్టల్‌లోని డిగ్రీ ఆడిట్‌ను తెరిచి మేజర్ జీపీఏను మీ చేతి లెక్కతో పోల్చండి. తేడా వస్తే సలహాదారుడికి అదే వారం రాయండి.

4. హాజరును మన లెక్కతో చూడకండి

మనకు 75 శాతం అలవాటు, తగ్గితే వైద్య ధ్రువపత్రం పెట్టి కండోనేషన్ ఫీజు కట్టడం అలవాటు. అక్కడి స్టూడియో తరగతుల్లో చాలా చోట్ల శాతం ఉండదు. రెండు మూడు గైర్హాజరుల తర్వాత ఒక్కోదానికి గ్రేడు తగ్గుతుంది, ఆలస్యాలు కలిసి గైర్హాజరుగా మారతాయి. పండుగకో, ఇంట్లో పెళ్లికో సెమిస్టరు మధ్యలో వారం రోజులు వచ్చి వెళ్లాలనే ఆలోచన పెట్టుకోకండి. దసరా, బతుకమ్మ రోజులు సరిగ్గా అక్కడి సెమిస్టరు నడుమ, రిహార్సళ్లు జోరుగా ఉండే సమయంలో వస్తాయి. తప్పనిసరి అయితే ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. వెళ్లి వచ్చాక చెప్పే కారణాన్ని ఒప్పుకోవలసిన అవసరం అధ్యాపకులకు లేదు.

5. జ్యూరీకి సిద్ధం కండి

జ్యూరీ అంటే సెమిస్టరు చివర కొద్ది నిమిషాల పాటు అధ్యాపకుల బృందం ముందు పాడి, నటించి చూపే పరీక్ష. ఆ సెమిస్టరులో నేర్చుకున్న పాటల జాబితా ఇస్తారు. ఒకటి మీరు ఎంచుకుంటే మరొకటి వారు అడగవచ్చు. కొన్నిచోట్ల పూర్తి పాట కాకుండా 16 లేదా 32 బార్లే (స్వరలిపిలోని తాళ విభాగాలే) వింటారు.

మన ప్రాంతపు పిల్లలకు ఇందులో బలమూ ఉంది, లోటూ ఉంది. ఒగ్గుకథలో డోలు మోగుతుండగా ఒకే కథకుడు క్షణంలో రాజుగా, మరుక్షణం గొల్లవాడిగా మారుతూ రాత్రంతా కథ నడిపిస్తాడు. చిందు యక్షగానంలో కళాకారులు తామే పాడుతూ, ఆడుతూ, పాత్ర కడతారు. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్య గారికి ఆ కళకు గాను 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇటువంటి ప్రదర్శనలు చూస్తూ పెరిగిన వారికి పాట ఆగిపోకుండా నటించడం సహజంగా అబ్బుతుంది, జ్యూరీలో కూర్చున్నవారు వెతికేదీ దాన్నే. ఆ బలాన్ని దాచుకోకండి.

లోటు ప్రధానంగా స్వరలిపి చదవడంలో ఉంది. మనం విని నేర్చుకుంటాం. అక్కడ అయిదు గీతల మీద రాసిన పాశ్చాత్య స్వరలిపిని చూడగానే పాడమంటారు, పియానో తరగతిలో కనీస ప్రావీణ్యం చూపమంటారు. వెళ్లడానికి ఏడాది సమయం ఉంటే ట్రినిటీ లేదా ఏబీఆర్ఎస్ఎం సంగీత సిద్ధాంతం గ్రేడు పుస్తకాలతో మొదలుపెట్టండి. ఈ రెండు సంస్థల పరీక్షలూ మన దేశంలో జరుగుతాయి. పియానో దొరకకపోతే అయిదు ఆక్టేవుల కీబోర్డు చాలు. నేర్పే గురువు దగ్గరలో లేకపోతే వారానికి రెండు ఆన్‌లైన్ పాఠాలు పెట్టుకోండి. అయితే రోజూ అరగంట చూసి పాడే సాధన మాత్రం మీరే చేయాలి.

రెండో లోటు ఉచ్చారణ. ఇంగ్లిష్‌లో దంతాలు పెదవికి తాకించి పలికే ధ్వనినీ, పెదవులు గుండ్రంగా చేసి పలికేదాన్నీ మనం ఒకే "వ"గా పలుకుతాం. మాట హల్లుతో ముగిస్తే చివర తెలియకుండానే చిన్న అచ్చు చేరుస్తాం. నెమ్మదిగా సాగే పాటలో ఆ అచ్చు ఒక అదనపు స్వరంలా వినిపిస్తుంది. మీ పాటను ఫోన్‌లో రికార్డు చేసి, పంక్తి చివరి మాటలను మాత్రమే విని చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

నృత్యం సంగతికి వస్తే, పేరిణి నేర్చుకున్నవారికి పాదాల్లో లయ స్థిరంగా ఉంటుంది, బూట్లతో నేలపై లయ పలికించే ట్యాప్ నృత్య తరగతిలో అది అక్కరకొస్తుంది. మోకాళ్లు వంచి నిలబడడానికి అలవాటు పడిన శరీరం మాత్రం బ్యాలేలో కాలు పూర్తిగా చాచి నిలబడడానికి కొంత కాలం తీసుకుంటుంది. ఆ సంగతి నృత్య గురువుకు మొదటి నెలలోనే చెప్పండి.

జ్యూరీలో తరచుగా జరిగే పొరపాట్లు ఇవి. కరోకే ట్రాక్ తీసుకెళ్లడం మొదటిది, అక్కడ పియానో వాయించేవారు ఉంటారు, వారికి మీ శ్రుతిలో రాసిన స్వరలిపి కావాలి. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి అనే గుర్తులు కాగితంపై లేకపోవడం రెండోది. జాబితాలో రాసిన పాటల్లో ఒకటి సరిగా రాకపోవడం మూడోది, వారు సరిగ్గా దాన్నే అడగవచ్చు. రాని పాటను జాబితాలో రాయకండి.

6. వ్యాఖ్యలను అడిగి తీసుకోండి

జ్యూరీ ముగిశాక గ్రేడు చూసి ఊరుకోకుండా, రాసిన వ్యాఖ్యల నకలు అడగండి. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం కింద విద్యార్థికి తన విద్యా రికార్డులను చూసే హక్కు ఉంది. వ్యాఖ్యలను సెమిస్టరు వారీగా పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే లోపం రెండు సెమిస్టర్లలో కనిపించిందంటే రెండో ఏడాది సమీక్షలో అదే ముందుకు వస్తుంది. వెంటనే ఆ అధ్యాపకుడితో పావుగంట సమయం అడిగి, "సమీక్ష నాటికి నేను ఏమి చేసి చూపిస్తే ఇది తీరినట్లు?" అని ప్రశ్నించండి. వచ్చిన జవాబును ఆ రోజే ఈమెయిల్‌లో వారికి రాసి పంపండి. పెద్దల మాటను కాగితం మీద పెట్టడం అమర్యాద అని మన పిల్లలు వెనకాడతారు. అక్కడ అది మామూలు మర్యాదే, తర్వాత మీకు ఆధారం కూడా.

తల్లిదండ్రులకు ఒక మాట. అదే ఫెర్పా చట్టం వల్ల, మీ అబ్బాయి లేదా అమ్మాయి రాతపూర్వకంగా అంగీకరిస్తే తప్ప కళాశాల మీకు మార్కులు చెప్పదు. ఫోన్ చేసి గట్టిగా అడిగినా ప్రయోజనం ఉండదు. చేరిన వారంలోనే అంగీకార పత్రం గురించి ఇంట్లో మాట్లాడుకోండి. ప్రొబేషన్ (హెచ్చరికతో కూడిన గడువు) లేఖ వచ్చిన సంగతి ఆరు నెలల తర్వాత తెలియడం కంటే, వచ్చిన రోజే కోప్పడకుండా వినే ఇల్లు ఉండడం పిల్లలకు చాలా అవసరం.

7. వీసాను ప్రతి అడుగులోనూ గుర్తుంచుకోండి

ఎఫ్-1 (విద్యార్థి) వీసాపై ఉన్న డిగ్రీ విద్యార్థి సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు చదవాలి. వాటిలో పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేది ఒక కోర్సు, అంటే 3 క్రెడిట్లు మాత్రమే లెక్కకు వస్తుంది. నృత్యం, గాత్రం తరగతులు ఒకటి రెండు క్రెడిట్లవే కావడం వల్ల, గంటల కొద్దీ స్టూడియోలో గడిపినా లెక్క 12 చేరకపోవచ్చు. మార్కులు పోతాయనే భయంతో రాత్రికి రాత్రి పోర్టల్‌లో ఒక తరగతిని వదులుకుని 12 కంటే కిందికి పడిపోవడం అన్నింటికంటే ప్రమాదకరమైన పొరపాటు. వదిలే ముందే డీఎస్ఓ అనుమతి తీసుకోవాలి, తర్వాత తీసుకునే అనుమతి పనికిరాదు.

తొలగింపు లేఖ వస్తే అది బీఎఫ్ఏ కార్యక్రమం నుంచా, విశ్వవిద్యాలయం నుంచా అన్నది మొదట చూడండి. కార్యక్రమం నుంచి మాత్రమే అయితే మేజర్ మార్చుకుని, డీఎస్ఓ చేత ఐ-20లో ఆ మార్పు చేయించుకుని చదువు సాగించవచ్చు. విశ్వవిద్యాలయం నుంచే అయితే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు రద్దయ్యేలోగా మరో విద్యాసంస్థకు బదిలీ ఏర్పాటు చేసుకోవాలి. డీఎస్ఓ అనుమతితో చదువు ఆపితే దేశం విడిచి వెళ్లడానికి 15 రోజులు ఇస్తారు. అనుమతి లేకుండా మానేస్తే ఒక్క రోజు కూడా ఉండదు. చదువు పూర్తి చేసినవారికి ఉండే 60 రోజులు వీరికి వర్తించవు. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక ఈ అడుగు వేసే రోజున డీఎస్ఓతో మళ్లీ నిర్ధారించుకోండి.

8. గొంతుకు, ఒంటికి దెబ్బ తగిలితే దాచకండి

రెండు వారాలు దాటినా గొంతు బొంగురు తగ్గకపోతే స్వరపేటికను పరీక్షించే ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి వెళ్లండి. నొప్పితో పాడి మంచి మార్కులు తెచ్చుకోవాలనే పట్టుదల స్వరతంత్రుల మీద బుడిపెలకు దారితీయవచ్చు. లైసెన్సు ఉన్న వైద్యుడి లేఖ ఉంటే, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు తక్కువ క్రెడిట్లు చదవడానికి డీఎస్ఓ అనుమతి ఇవ్వగలరు. జ్యూరీ వాయిదా కోసం విభాగానికి విడిగా రాయాలి. ఒకరికి చెబితే మరొకరికి తెలుస్తుందని అనుకోకండి.

9. ప్రొబేషన్ లేఖ వచ్చిన రోజు

ప్రొబేషన్ తొలగింపు కాదు, సాధారణంగా ఒక సెమిస్టరు గడువు. లేఖలో మూడు సంగతులు వెతకండి: ఏ షరతు తప్పారు, ఏ తేదీలోగా తీర్చాలి, తీరిందని ఎవరు ధ్రువీకరిస్తారు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మర్యాదగా రాసి అడగండి. ప్రొబేషన్‌లో ఉన్నవారిని ప్రదర్శనల్లో నటించనివ్వని విభాగాలు ఉన్నాయి. ఆ ఖాళీ సమయాన్ని వెనుకబడిన తరగతికే కేటాయించండి, అవకాశం పోయిందని బయటి ప్రదర్శనలు ఒప్పుకోకండి. నాలుగు, ఎనిమిది, పన్నెండో వారాల్లో సలహాదారుడిని కలిసి, అప్పటికి మీ స్థితి ఏమిటో రాసి పెట్టుకోండి.

స్కాలర్‌షిప్ లేఖ కూడా అదే రోజు తెరవండి. ప్రతిభ ఆధారంగా ఇచ్చిన స్కాలర్‌షిప్ మేజర్‌తో ముడిపడి ఉంటే, బీఏకు మారిన మరుక్షణం అది పోవచ్చు. విద్యారుణం తీసుకున్నవారు కోర్సు మారితే బ్యాంకుకు తెలియజేయాలి. లేకపోతే తర్వాతి వాయిదా విడుదల ఆగిపోయే అవకాశం ఉంది.

10. తీసివేసినప్పుడు అప్పీలు, మరో దారి

అప్పీలుకు ఇచ్చే గడువు చాలా తక్కువగా, కొన్నిచోట్ల కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి లేఖ అందిన తేదీని వెంటనే రాసుకోండి. "నేను బాగా పాడతాను, వారు తప్పుగా అంచనా వేశారు" అనే వాదనను అప్పీలు సంఘాలు సాధారణంగా స్వీకరించవు. కళాత్మక నిర్ణయం అధ్యాపకులదే అంటాయి. నిలబడే వాదనలు వేరు: హ్యాండ్‌బుక్‌లో చెప్పిన హెచ్చరిక ఇవ్వలేదు, గ్రేడు లెక్క తప్పింది, వైద్య లేఖ ఇచ్చినా పరిగణించలేదు, వివక్ష జరిగింది. ప్రతి వాదన పక్కన నియమం ఉన్న పేజీ సంఖ్య, మీ ఫోల్డరులోని ఈమెయిల్ తేదీ ఉండాలి. రెండు పేజీలకు మించకుండా, కోపం కనబడకుండా రాయండి. పంపే ముందు ఫిర్యాదులను తటస్థంగా విని సలహా ఇచ్చే ఆంబుడ్స్ కార్యాలయం ఉంటే వారికి చూపండి.

అప్పీలు నడుస్తుండగానే రెండో దారి తెరిచి ఉంచండి. అదే విశ్వవిద్యాలయంలో థియేటర్ బీఏ, సంగీతం లేదా కమ్యూనికేషన్ మేజర్, లేదా మరో విశ్వవిద్యాలయానికి బదిలీ అందులో ఉంటాయి. బదిలీలో స్టూడియో క్రెడిట్లు తరచుగా ఐచ్ఛిక విషయాలుగానే లెక్కకు వస్తాయి కనుక, ఒప్పుకునే ముందు ఎన్ని క్రెడిట్లు డిగ్రీకి పనికివస్తాయో రాతపూర్వకంగా అడగండి. ఏదో ఒక డిగ్రీ పూర్తి చేసి తిరిగి వచ్చినవారికి ఇక్కడ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ పీజీ, ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉన్నాయి. రెండింటికీ డిగ్రీ అర్హత కావాలి కాబట్టి, బీఎఫ్ఏ చేజారిందనే బాధలో మొత్తం చదువునే వదిలి విమానం ఎక్కకండి. రావలసి వస్తే, డీఎస్ఓ అనుమతి, సంతకం చేసిన ట్రాన్స్‌క్రిప్టు, జ్యూరీ వ్యాఖ్యల నకళ్లు చేతిలో పెట్టుకునే బయలుదేరండి.